సమస్యాపూరణం: కల్ల వ్రాయు సతియె ఘనత గాంచు

నిర్వాహకుడు, తిరుపతి

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు పూరించాలి.

కల్ల వ్రాయు సతియె ఘనత గాంచు

మామూలుగా సమస్య ఇచ్చి వదిలేస్తాను. ఎవరి దారి వాళ్లది. ఈసారి మాత్రం సందర్భం కూడా నేనే చెబుతున్నాను. భర్త యుద్ధంలో ఉన్నాడు, భార్య ఇంటి నుంచి ఉత్తరం రాస్తోంది. 1962 కావచ్చు, 1965 కావచ్చు, 1971 కావచ్చు, కార్గిల్ కావచ్చు. ఇల్లు మాత్రం మన చిత్తూరు వైపు ఇల్లే కావాలి.

ఎందుకంటే పోయిన నెల మా పెద్దమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్లు ఒక కట్ట దొరికింది. 1971లో ఆమె రాసినవి. పెదనాన్న సరిహద్దు నుంచి వస్తూ వెంట తెచ్చుకుని దాచుకున్నాడు. చిరునామాలో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, ఆ కింద కేరాఫ్ 56 ఏపీఓ (సైన్యం తపాలా కార్యాలయం). అంతే, ఊరి పేరు లేదు. మొగుడు ఏ మంచులో ఉన్నాడో, ఏ ఇసుకలో ఉన్నాడో తెలియకుండానే ఆమె రాసింది. ఆ ఉత్తరాల్లో ఏముందో ఇప్పుడు చెప్పను. ముందు మీ పూరణలు రానివ్వండి.

చంద్రగిరి కుర్రోడు

అయ్యవారూ, ఒక సందేహం. 'కల్ల' తర్వాత 'వ్రాయు' వస్తోంది కదా, ఆ వత్తు వల్ల 'ల్ల' గురువు కాదా? అప్పుడు మొదటి గణం చెడిపోతుంది.

నిర్వాహకుడు

కాదు తమ్ముడూ. తెలుగు మాట మొదట్లో వచ్చే వ్ర, క్ర, బ్ర లాంటివి వెనకున్న అక్షరాన్ని గురువు చేయవు. సంస్కృత సమాసం లోపల అయితే చేస్తాయి. కాబట్టి 'కల్ల' గలమే (గురువు, లఘువు), 'వ్రాయు' గలమే. యతి క, ఘ. ధైర్యంగా రాయి.

కాణిపాకం కోడలు

అత్త మంచమందు నార్తితో నుండగా
నిచట నంద రెంతొ యింపు మీర
నున్నవార లనుచు నుత్తరమ్మున జెప్పి
కల్ల వ్రాయు సతియె ఘనత గాంచు

ఎక్కడో ఉన్న కొడుకుకు అమ్మ జబ్బు సంగతి తెలిస్తే చేతిలో తుపాకీ నిలవదని నా ఊహ.

నిర్వాహకుడు

అక్కా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీకు తెలియకుండానే మా ఇంటి కథ రాశారు. ఆ చలికాలం మా అవ్వ మంచం పట్టింది. పెద్దమ్మ ఉత్తరాల్లో అవ్వ గురించి ఒక్కటే వాక్యం, ప్రతి దాంట్లోనూ అదే: 'అత్తమ్మ నిన్ను అడిగినట్టు రాయమనింది.' మాట పడిపోయిన మనిషి అడిగిందని రాసింది.

పద్యం సంగతికి వస్తే, 'మంచమందు' అన్న ఒక్క మాటతో నిజం మన కళ్ల ముందు పెట్టి, రెండో పాదంలోనే దాన్ని దాచేశారు. సమస్యలోని చిక్కు విప్పడం ఒక పని, ఆ అబద్ధం ఎవరి కోసమో చూపించడం ఇంకో పని. రెండోది చేసిన పూరణే నాకు పూరణ. 'ఇంపు మీర' ఒక్కటి కొంచెం అలంకారంగా ఉంది. ఉత్తరంలో భార్య అలా రాయదు, 'బాగుండాం' అని రాస్తుంది. ఛందస్సు కోసం మనం తెచ్చుకున్న మాట అది. తప్పు కాదు, కానీ చెవికి తెలుస్తుంది.

చంద్రగిరి కుర్రోడు

మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.

చెనగ చేను మాడె చినుకు లేకుండగా
పంట పండె ననుచు ప్రాణపతికి
ఇంటి కబురు లన్ని మంచిగా వ్రాసెడి
కల్ల వ్రాయు సతియె ఘనత గాంచు

పాకాల అయ్యవారు (విశ్రాంత తెలుగు పండితుడు)

నాయనా, భావం బంగారం. మన నేలకు వానే కదా అసలు కబురు. మూడో పాదంలో యతి తప్పింది. 'ఇం'కూ 'మం'కూ పొసగదు. 'వ్రాసెడి' అన్నాక మళ్లీ 'వ్రాయు' రావడం కూడా బాగాలేదు. ఇలా మార్చి చూడు.

చెనగ చేను మాడె చినుకు లేకుండగా
బంట పండె ననుచు బ్రాణపతికి
నింటి కబురు లన్ని యింపుగా దెలిపెడు
కల్ల వ్రాయు సతియె ఘనత గాంచు

ముందు నాకు 'దెలుపుచు' అనే తోచింది. కానీ 'చు'తో ముగిసేది ద్రుతప్రకృతికం (చివర నకారం దాగి ఉండే మాట), దాని తర్వాత 'కల్ల' వస్తే 'గల్ల' అవుతుంది. యతి నిలుస్తుంది గానీ ఇచ్చిన సమస్య అక్షరం మారిపోతుంది. ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదు. అందుకే 'దెలిపెడు' అన్నాను. ఇప్పుడు అది కల్లకే విశేషణమైంది: ఇంటి కబుర్లన్నీ ఇంపుగా తెలిపే కల్ల.

కాణిపాకం కోడలు

ఇంకో మాట. మనకు చెనక్కాయలంటే వేరుశనగే. గోదావరి వైపు వాళ్లు 'చెనగ చేను' అని చదివితే పప్పు శనగలనుకుంటారేమో.

నిర్వాహకుడు

అనుకోనివ్వండక్కా. ఉత్తరం చదివే మొగుడు మన వాడే కదా. ఆ మాట వినగానే అతని కంటికి కనపడేది వాళ్ల చేనే. ఆ మాట ఉంచేద్దాం.

కుర్రోడికి ఒక ప్రశ్న. మాడిన చేనును పండిందని రాస్తే, సెలవు మీద వచ్చినప్పుడు అతనికి తెలిసిపోదూ? తెలుస్తుందని ఆమెకూ తెలుసు. అతను వచ్చి, చేను గట్టు మీద నిలబడి, కోప్పడే రోజు రావాలనే ఆమె కోరిక. ఆ అర్థం నీ పద్యంలో ఉంది, నువ్వు అనుకున్నా అనుకోకపోయినా.

శ్రీకాళహస్తి పాఠకుడు

చమత్కారంగా ప్రయత్నించాను, క్రమాలంకారంలో.

ఏది పలుకరాదు? ఏమి సేయు కలము?
ఇంట వేచి యుండు నెవరు నీకు?
పోరు గెలుచు భటుడు పుడమి నేమి గడించు?
కల్ల, వ్రాయు, సతియె, ఘనత గాంచు

పాకాల అయ్యవారు

శభాష్. నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు, సమస్యలోని దోషం ఆవిరైపోయింది. ప్రశ్నల దగ్గర ఆగుతాం కాబట్టి విసంధి (సంధి చేయకుండా వదలడం) చెల్లుతుంది. అవధానంలో అయితే చప్పట్లు పడతాయి.

నిర్వాహకుడు

పడతాయి. నేనూ కొడతాను. కానీ అన్నా, దీంట్లో ఉత్తరం లేదు. సతి ఒక జవాబుగా మిగిలిపోయింది.

శ్రీకాళహస్తి పాఠకుడు

ఒప్పుకుంటాను. అయితే ఒక వాదన. ప్రాణం పోయే చోట బొంకినా పాపం లేదని శుక్రాచార్యుడే బలి చక్రవర్తికి చెప్పాడు. ఆ ఆధారం ఉండగా ఈ సమస్యలో చిక్కే లేదు కదా?

పాకాల అయ్యవారు

చెప్పాడు. బలి విన్నాడా? వినలేదు. ఆడిన మాట తప్పనని మూడడుగులూ ధారపోశాడు. మన వాళ్లు పూజించేది బలినే గానీ శుక్రుడి సలహాను కాదు. కాబట్టి చిక్కు అలాగే ఉంది. అది ఉండాలి కూడా.

పలమనేరు ఆడబిడ్డ

నాకు అందరి మీదా కొంచెం కోపంగా ఉంది. అబద్ధం రాస్తేనే మంచి భార్యా? మా అమ్మ మా నాన్నకు ఉన్నది ఉన్నట్టు రాసేది. నాకు జ్వరమొస్తే జ్వరమనే రాసింది. సగం చెబితే మిగతా సగం ఆయన ఊహించుకుని ఇంకా భయపడతాడు అనేది. అందుకని సమస్యను విరిచాను.

బిడ్డ యొడలు కాల బెనిమిటి కైనను
నున్న మాటె చెప్పు నుత్తరాన
చేత కలము బూని చీకటిన్ నిదుర రా
కల్ల వ్రాయు సతియె ఘనత గాంచు

నిదుర రాక, అల్ల వ్రాయు సతియె. అదిగో, అక్కడ కూర్చుని రాస్తున్న ఆ భార్య.

పాకాల అయ్యవారు

అమ్మా, నలభై ఏళ్లు పిల్లలకు సంధులు చెప్పాను. 'రాక + అల్ల' ఇక్కడ ఇలా దాక్కుని ఉందని నాకు తట్టలేదు. 'సతియె' లోని ఏవకారం కూడా నీ పద్యంలోనే పూర్తిగా పనికొచ్చింది: అలా రాసే భార్యే గొప్పది, కల్ల రాసేది కాదు.

నిర్వాహకుడు

కోపం న్యాయమైనదే. సందర్భం చెప్పేటప్పుడు అందరూ ఒకే వైపు నడుస్తారని నేను అనుకున్నాను, అది నా పొరపాటు. 'చీకటిన్ నిదుర రాక' దగ్గర దీపం కూడా కనబడుతోంది నాకు, పద్యంలో లేకపోయినా.

రేణిగుంట నుంచి ఒక సభ్యురాలు

మా ఆయన ఇప్పుడు సరిహద్దులో ఉన్నారు. ఎక్కడో నేను రాయకూడదు. ఇప్పుడు ఉత్తరాలెక్కడివి, సిగ్నల్ ఉన్నప్పుడు ఒక మెసేజ్. 'తిన్నావా' అంటారు. 'తిన్నా' అంటాను.

ఏడ్చి యేడ్చి కండ్ల నెఱుపెక్కి యున్నను
నగుచు నుంటి నంచు నాథునకును
జిన్న తెరను జూచి చేతివ్రేళ్ళ నొకటి
కల్ల వ్రాయు సతియె ఘనత గాంచు

కాణిపాకం కోడలు

తల్లీ, రాత్రి పూట ఒక్కదానివే ఉంటే మాతో మాట్లాడు.

నిర్వాహకుడు

దీనికి విమర్శ రాయను. 'ఒకటి' అన్న మాట మూడో పాదం చివర పెట్టడం ఎంత బాగుందో మాత్రం చెబుతాను. ఒక్కటే కల్ల, రెండక్షరాలు: తిన్నా.

స్వర్ణముఖి (తపాలా శాఖలో పనిచేసి రిటైరైన వ్యక్తి)

నాకు పద్యం రాదు. ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. అయినా ఒక సంగతి చెప్పాలి. మీరంతా 'వ్రాయు సతి' అంటున్నారు. ఆ రోజుల్లో మా పల్లెల్లో చాలామంది ఆడవాళ్లకు రాయడం రాదు. రాసింది మేము. పోస్టుమేన్, బడి అయ్యవారు, లేకపోతే ఏడో తరగతి చదివే మరిది.

1971 డిసెంబరులో నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఒకామె అరుగు మీద కూర్చుని చెప్పేది, నేను రాసేవాణ్ణి. ముందు అన్నీ నిజాలే చెప్పేది. ఆవు చచ్చిపోయింది, బావిలో నీళ్లు అడుగంటాయి, చిన్నోడు పాలకు ఏడుస్తా ఉండాడు. నేను కలం ఎత్తేసరికి 'సామీ, అది రాయొద్దు. అందురూ బాగుండారని రాయి' అనేది. ప్రతిసారీ అంతే. ముందు అంతా చెప్పుకునేది, తర్వాత ఏదీ రాయనిచ్చేది కాదు. నిజం వినడానికి ఆమెకు నేనొక్కణ్ణే దొరికాను కాబోలు.

ఇన్‌లాండ్ లెటర్ లోపల ఏమీ పెట్టకూడదని దాని మీదే అచ్చేసి ఉంటుంది. ఆమె గంగమ్మ కుంకుమ పొట్లం తెచ్చి పెట్టమనేది. కుదరదంటే, వేలితో అద్ది చివరి మడత మీద రుద్దేది. కింద సంతకం బదులు ఆ ఎర్ర మరక. అదొక్కటే ఆమె స్వయంగా రాసింది.

పాకాల అయ్యవారు

అయ్యా, పద్యం రాదని ఎందుకంటారు.

చంద్రగిరి కుర్రోడు

ఆయన తిరిగొచ్చాడా సార్?

స్వర్ణముఖి

వచ్చాడు. ఒక కాలు కొంచెం ఈడుస్తూ వచ్చాడు. దెబ్బ తగిలిన సంగతి ఆయన కూడా ఏ ఉత్తరంలోనూ రాయలేదు. చదివి వినిపించింది నేనే కాబట్టి తెలుసు. ఆవు కొట్టం ఖాళీగా ఉండటం చూసి ఆయన, ఆయన కాలు చూసి ఆమె, ఇద్దరూ ఏమీ అడగలేదు. నాకు మజ్జిగ ఇచ్చారు.

నిర్వాహకుడు

నా పూరణ ఆఖర్న పెడతానని ఒకటి రాసి ఉంచుకున్నాను. అది చింపేశాను. మా పెద్దమ్మ పెట్టెలో ఆమె ఉత్తరాలే ఉన్నాయి, పెదనాన్నవి లేవు. ఆయన ఏం రాసేవాడని నిన్న రాత్రి పెద్దమ్మను అడిగాను. 'బాగుండాననే రాసేవాడు, ఇంకేం రాస్తాడు' అంది. డిసెంబరు 3న మొదలై 16న ముగిసిన యుద్ధం అది. ఆ రోజుల్లో రాసిన ప్రతి మాటా, చదివే మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా రాసిందే. స్వర్ణముఖి గారు చెప్పిన దంపతులకూ, మా ఇంటి వాళ్లకూ కలిపి ఇది.

గుండు దెబ్బ దగిలి కుంటుచున్నను వాడు
కుశల మనియె, నామె కూడ నట్లె
యిరువు రిట్లు దాచి రిరువురి బాధలు
కల్ల వ్రాయు సతియె ఘనత గాంచు

పలమనేరు ఆడబిడ్డ

అన్నా, దీనికి ఒప్పుకుంటాను. ఇద్దరూ రాశారు కాబట్టి. అయితే నాలుగో పాదంలో ఘనత సతికే పోయింది, వాడికి రాలేదు.

నిర్వాహకుడు

సమస్య అలా ఇచ్చాను మరి. ఈ లోటు నా పద్యంలో ఉండనీ.

వచ్చే వారానికి ఇది. మళ్లీ ఆటవెలదే, నాలుగో పాదం. యతి జా, శా.

జాబు రాని దినమె శాంతి నిచ్చె

స్వర్ణముఖి

ఇది మాత్రం నాకు అర్థమైంది. నా సంచిలో ఉత్తరాలతో పాటు టెలిగ్రాములు కూడా ఉండేవి. నేను ఆగకుండా ముందుకు వెళ్లిపోతే గడపలో నిలబడ్డ ఆడవాళ్లు లోపలికి పోయి పొయ్యి రాజేసుకునేవాళ్లు. గణాలు ఎలా లెక్కపెట్టాలో ఎవరైనా నేర్పిస్తే రాస్తాను.

చంద్రగిరి కుర్రోడు

నేను నేర్పిస్తాను సార్. ఆదివారం మీ ఇంటికి వస్తాను.