చెల్లికి వచ్చిన సంబంధం: అబ్బాయి కార్పొరేట్ రిక్రూటర్ అట, ఏం అడగాలి?

గుణుపురం_అన్నయ్య:

మాది గుణుపురం. బజార్లో హార్డ్‌వేర్ షాపు ఉంది. చెల్లి బరంపురంలో ఎమ్మెస్సీ చేసి, ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది. ఈ మధ్య ఒక సంబంధం వచ్చింది. వాళ్ళది బరంపురం, తెలుగువాళ్ళే. అబ్బాయి హైదరాబాద్‌లో ఒక పెద్ద ఐటీ కంపెనీలో ‘సీనియర్ టాలెంట్ అక్విజిషన్’ అట. అదేమిటని అడిగితే మధ్యవర్తి రిక్రూటర్ అన్నాడు. ప్యాకేజీ 14 లక్షలట.

మా ఇంట్లో ఈ ఉద్యోగం గురించి ఎవరికీ తెలియదు. బ్యాంకంటే తెలుసు, టీచరంటే తెలుసు, పేపరు మిల్లంటే తెలుసు. నాన్న మాత్రం “ఉద్యోగాలిచ్చే కుర్రాడురా, మన పిల్లలందరికీ ఒక దారి దొరుకుతుంది” అని అప్పుడే మా చిన్నాన్న కొడుకు రెజ్యూమే ప్రింటు తీయించి పెట్టారు. అమ్మకి అన్నీ అనుమానాలే. చూపులకి వచ్చినప్పుడు కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోన్ పట్టుకుని మాటిమాటికీ వీధిలోకి వెళ్ళాడు. ఎవరితోనో వ్యవహారం ఉందంటుంది అమ్మ. పైగా నాలుగేళ్ళలో మూడు కంపెనీలు మారాడట. చెల్లిని అడిగితే “నన్ను ఇంటర్వ్యూ చేశాడన్నయ్యా” అని నవ్వుతుంది, వద్దని మాత్రం అనడం లేదు.

ఈ రంగంలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. వీళ్ళ ఉద్యోగం ఎలా ఉంటుంది, ఇల్లు ఎలా ఉంటుంది? మళ్ళీ వెళ్ళినప్పుడు ఏం అడగాలి?

పర్లాకిమిడి_అక్క:

తమ్ముడూ, మాది పర్లాకిమిడి. నాదీ ఇదే ఉద్యోగం. మొదట అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీలో చేశాను, ఇప్పుడు ఒక కంపెనీలోనే ఉన్నాను. నా పెళ్ళప్పుడు మా అత్తగారికి కూడా ఇవే అనుమానాలు వచ్చాయి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు మీ అమ్మగారి ఫోన్ సంగతి. చూపులు ఏ రోజు పెట్టుకున్నారు? ఆదివారం అయితే నాకేమీ ఆశ్చర్యం లేదు. మాకు జాయినింగులు ఎక్కువగా సోమవారాలే. ఆదివారం సాయంత్రానికి సోమవారం రావలసిన మనిషి ఫోన్ ఎత్తడం మానేస్తాడు. మన ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల నోటీస్ పీరియడ్, అదే రిజైన్ చేశాక కూడా పాత కంపెనీలో పనిచేయాల్సిన గడువు, 90 రోజులు. అంటే మేం ఆఫర్ ఇచ్చాక అతను వచ్చి కుర్చీలో కూర్చోవడానికి మూడు నెలలు. ఈ మూడు నెలల్లో మా లెటర్ చూపించి ఇంకో కంపెనీలో రెండు లక్షలు ఎక్కువ రాయించుకుంటాడు, ఆ లెటర్ చూపించి మరోచోట బేరమాడతాడు. తప్పని అనను. అతని స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తానేమో. కానీ మేనేజరుకి లెక్క చెప్పుకోవాల్సింది నేను. అందుకని వారం వారం ఫోన్లు: “రిజైన్ చేశారా అండీ? యాక్సెప్ట్ చేసినట్టు మెయిల్ వచ్చిందా? మీ మేనేజరు ఆపడం లేదు కదా?”

ఇంత చేసినా సోమవారం ఏమవుతుందో చెబుతాను. తొమ్మిదిన్నరకి ల్యాప్‌టాప్, ఐడీ కార్డు రిసెప్షన్‌లో సిద్ధం. మనిషి లేడు. వాట్సాప్‌లో నా మెసేజ్‌కి ఒక్క టిక్కే. పదిన్నరకి అతని డీపీ మాయం. పదకొండుకి మా మేనేజరు “వచ్చాడా?” అని అడుగుతాడు. సాయంత్రం ఎప్పుడో మెయిల్ వస్తుంది, తాతగారు పోయారని. మా టీమ్ లెక్కలో ఈ దేశంలో ఒక్కో కుర్రాడికి ఐదారుగురు తాతలు. కాబట్టి ఆ రోజు వీధిలో మీ అబ్బాయి ఎవరి తాతగారి గురించి వింటున్నాడో!

మామూలు రోజుల్లో కూడా సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మాకు గిరాకీ ఎక్కువ. మేం వెతికే మనుషులందరికీ ఇప్పటికే ఉద్యోగాలుంటాయి కదా, ఆఫీసులో కూర్చుని మాతో మాట్లాడలేరు. క్యాబ్‌లో ఎక్కాకో, పిల్లల్ని పడుకోబెట్టాకో మాట్లాడతారు. అంటే మా ఇంట్లో భోజనాల వేళ. మా ఆయన నా గొంతు విని చెప్పేస్తాడు, ఇది ఆఫర్ ఫోనా, కుదరదని చెప్పే ఫోనా అని. కుదరదని చెప్పడమే ఈ ఉద్యోగంలో అసలు కష్టం. నాలుగు రౌండ్లు అయ్యాక, అవతల మనిషి ఇంట్లో చెప్పేసుకున్నాక, పైవాళ్ళు ఆ పోస్టే తీసేస్తారు. ఆ మాట చెప్పాల్సింది నేనే. కొంతమంది తిడతారు. కొంతమంది “పరవాలేదు మేడమ్” అంటారు, ఆ రోజు అన్నం దిగదు.

ఇక మీ నాన్నగారి సంగతి. ఉద్యోగం ఇచ్చేది రిక్రూటర్ కాదు నాయనా. మనిషి కావాలనేది ఒక మేనేజరు, డబ్బు ఒప్పుకునేది ఫైనాన్స్, ఎంచుకునేది ఇంటర్వ్యూ చేసినవాళ్ళు. మేం నౌక్రీలోనూ లింక్డిన్‌లోనూ వెతికి, మాట్లాడి, వాళ్ళ ముందు కూర్చోబెడతాం, అంతే. సొంత బంధువుల్ని పంపితే ముందే చెప్పాలి, చాలా కంపెనీల్లో ఆ ఇంటర్వ్యూ మా చేతిలో ఉండనివ్వరు. ఈ సంగతి మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. రథయాత్రకి ఇంటికొస్తే చాలు, పాతపట్నం నుంచి కూడా వస్తారు, ప్లాస్టిక్ కవర్లో మార్కుల జాబితాలు పెట్టుకుని. లేదంటే రెజ్యూమేని మంచం మీద పెట్టి ఫొటో తీసి వాట్సాప్ చేస్తారు. దుప్పటి పువ్వులు బాగానే కనిపిస్తాయి, ఫోన్ నంబరు మీద ఫ్యాను నీడ. మా సాఫ్ట్‌వేర్‌కి వర్డు ఫైలో, అక్షరాలున్న పీడీఎఫో ఇస్తేనే సరిగ్గా చదవగలుగుతుంది. మీ తమ్ముడికి ఈ ఒక్క ముక్క చెప్పండి, నాన్నగారు ప్రింటు తీయించినందుకు కొంచెం ప్రయోజనం ఉంటుంది.

అతనికే ఇంకో సంగతి కూడా, ఎందుకంటే ఇది మన వైపు పిల్లలకే వస్తుంది. టెన్త్ ఒడియా మీడియంలో చదివితే సర్టిఫికెట్‌లో వెంకటరావు ‘బెంకట్ రావు’ అయి ఉంటాడు, విజయ్ ‘బిజయ్’ అయి ఉంటాడు. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా. సెలెక్ట్ అయ్యాక వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ ఇక్కడ పట్టుకుంటుంది. హైదరాబాద్ కుర్రాడికి రెండు రోజుల్లో అయిపోయే పని మనవాడికి అఫిడవిట్లతో వారాలు పడుతుంది. అన్నీ ముందే ఒకేలా చేయించుకోమనండి.

ప్యాకేజీ 14 అంటే నెలకి లక్షా పదహారు వేలు అనుకోకండి. ఉదాహరణకి అందులో పది శాతం వేరియబుల్ అనుకుందాం, అంటే పనితీరుని బట్టి ఇచ్చేది, 1.4 లక్షలు పక్కకి పోయాయి. బేసిక్ 40 శాతం అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి ఇంకో 94 వేల దాకా అందులోనే చూపిస్తారు. అతని వాటా పీఎఫ్ కూడా పోగా చేతికొచ్చేది నెలకి 90 వేల పైచిలుకు, పన్ను సంగతి వేరే. మంచి జీతమే. మధ్యవర్తి చెప్పినంత కాదు.

మూడు కంపెనీలు మారడం గురించి. 2021, 22లో మనుషులు దొరక్క కంపెనీలు మమ్మల్ని ఎగబడి తీసుకున్నాయి. తర్వాత గాలి తిరిగింది. 2022 నవంబరులో మెటా 11,000 మందిని తీసేసినప్పుడు రిక్రూటింగ్ వాళ్ళ మీదే దెబ్బ ఎక్కువ పడుతుందని వాళ్ళే చెప్పారు. కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపితే తీసుకునేవాళ్ళతో పనేముంది? ఈ రంగంలో అందరికంటే ముందు పిలిచేది మమ్మల్ని, పొమ్మనేదీ మమ్మల్నే. కాబట్టి ఎందుకు మారాడని నిలదీయకుండా, మధ్యలో ఖాళీగా ఉన్న నెలలు ఎలా గడిచాయో అడగండి. మనిషి అక్కడ తెలుస్తాడు.

రాయగడ_రిటైర్డ్:

బాబూ, నేను ఇక్కడొక మిల్లులో పర్సనెల్ డిపార్ట్‌మెంటులో, అంటే ఇప్పటి హెచ్‌ఆర్‌లో, పనిచేసి రిటైరయ్యాను. మా రోజుల్లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి నుంచి పేర్ల జాబితా వచ్చేది, కాల్ లెటర్లు టైపు చేయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపేవాళ్ళం. 1959 చట్టం ప్రకారం ఖాళీలు వాళ్ళకి తెలియజేయాల్సి ఉండేది. 500 మంది, ఆ పైన కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలని ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. ఆ ఆఫీసరుకి క్వార్టర్స్‌లో ఎవరింట్లో ఎవరికి జ్వరమో కూడా తెలిసేది.

ఇప్పటి రిక్రూటర్‌కి జాయినింగ్ రోజుతోనే ఆ మనిషితో సంబంధం తెగిపోతుంది. అమ్మాయి బాగా రాసింది, కాదనను. కానీ జీవితమంతా మనుషుల్ని వెతకడమే పనిగా పెట్టుకోకూడదని నా అభిప్రాయం. అబ్బాయికి పీజీ ఏమిటో కనుక్కోండి. ఆంధ్రా యూనివర్సిటీ ఎంహెచ్‌ఆర్ఎం, ఉత్కళ్ యూనివర్సిటీ పీఎంఐఆర్ లాంటివి చేసి ఉంటే ముందుముందు హెచ్‌ఆర్‌లోనే వేరే పనుల్లోకి వెళ్ళగలడు. జీతాలు, కార్మిక చట్టాలు, ట్రైనింగు, ఏదైనా సరే. నలభై దాటాక కూడా టార్గెట్లు మోయడం కష్టం.

పర్లాకిమిడి_అక్క:

గురువుగారూ, డిగ్రీ ఉంటే మంచిదే. కానీ మా టీమ్‌లో బీటెక్ ఉంది, బీఎస్సీ ఉంది, హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాడు కూడా ఉన్నాడు. ఫోన్లో అవతల మనిషి ఎందుకు తడబడుతున్నాడో పట్టుకోవడం ఏ పీజీలోనూ నేర్పరు. టార్గెట్ల మాట మాత్రం ఒప్పుకుంటాను.

నైట్‌షిఫ్ట్_జయపురం:

అన్నా, మాది జయపురం, ఉండేది వైజాగ్. మొదటి ప్రశ్న ఇది అడుగు: ఇండియా హైరింగా, యూఎస్ హైరింగా? యూఎస్ అయితే నా లాంటి బతుకు. అమెరికాలో చదివి ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకునే అనుమతి మీద, ఉన్న మన పిల్లల్ని అక్కడి కంపెనీల్లో కాంట్రాక్టు ప్రాజెక్టుల్లో పెట్టించడం మా పని. సాయంత్రం ఆరున్నరకి లాగిన్, తెల్లారగట్ల మూడున్నరకి ఇంటికి. మార్చిలో, నవంబరులో వాళ్ళు గడియారం మారిస్తే మా నిద్రా మారుతుంది. ఫోన్లో నా పేరు ‘మైక్’. మా అమ్మ ఒకసారి విని ఎవడ్రా ఆ మైక్ అంది.

2025 సెప్టెంబరులో హెచ్-1బీ (అమెరికాలో ఉద్యోగం చేసుకునే వీసా) కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించిన రాత్రి మా ఆఫీసులో ఒక్కడు కూడా టీ తాగడానికి లేవలేదు, అన్ని ఫోన్లు. నైట్ షిఫ్ట్ అని తెలిసి నా సంబంధాలు కొన్ని వెనక్కి పోయాయి, వాళ్ళని తప్పుపట్టను. పగలు పడుకునేవాడి ఇంట్లో కుక్కర్ కూత కూడా గొడవే.

ఇంకోటి. ఎవరి దగ్గరైనా ‘ప్లేస్‌మెంట్ ఫీజు’ అని డబ్బు తీసుకుంటాడా అని మెల్లగా ఆరా తీయి. సరైన కన్సల్టెన్సీ అయితే మనిషిని తీసుకునే కంపెనీ దగ్గరే తీసుకుంటుంది, మామూలుగా ఏడాది ప్యాకేజీలో 8.33 శాతం, అంటే నెల జీతమంత. ఉద్యోగం కోసం వచ్చినవాడి దగ్గర రూపాయి తీసుకుంటున్నాడంటే ఇంకేమీ ఆలోచించకు, సంబంధం వదిలేయ్.

గుణుపురం_అన్నయ్య:

అందరికీ థ్యాంక్స్. చూపులు ఆదివారమే అక్కా. అమ్మకి తాతగార్ల సంగతి చదివి వినిపించాను, నవ్వింది కానీ పూర్తిగా నమ్మలేదు.

నిన్న అబ్బాయితో ఫోన్లో మాట్లాడాను. ఇండియా హైరింగే, పగటి డ్యూటీ. ఖాళీగా ఉన్న నెలల గురించి అడిగితే దాచలేదు. 2023లో ఉద్యోగం పోయిందట. బరంపురం వచ్చేసి, వాళ్ళ నాన్న మందుల షాపులో కూర్చున్నాడట. అది నాకు నచ్చింది. కానీ ఒకటి చెప్పాడు: పనిచేసేది ఆ పెద్ద కంపెనీ ఆఫీసులోనే అయినా జీతం ఇచ్చేది వేరే కంపెనీ అట, ‘థర్డ్ పార్టీ పేరోల్’ అన్నాడు. మధ్యవర్తి ఈ ముక్క చెప్పలేదు. ఇది మోసమా?

పర్లాకిమిడి_అక్క:

మోసం కాదు తమ్ముడూ. మధ్యవర్తి దాచాడు, అబ్బాయి చెప్పాడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. వందలమందికి పర్మనెంట్ ఆఫర్లు పంపే రిక్రూటర్లలో చాలామంది స్వయంగా కాంట్రాక్టు మీదే ఉంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే చేశాను. పక్క సీటు వాళ్ళకి దీపావళి గిఫ్ట్ బాక్సు వచ్చేది, నాకు రాదు.

అడగాల్సింది కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, ఇదివరకు ఎన్నిసార్లు పొడిగించారు, పర్మనెంట్ చేసిన వాళ్ళు ఆ టీమ్‌లో ఎవరైనా ఉన్నారా అని. పీఎఫ్ నెలనెలా పడుతోందో లేదో కూడా అడగండి, పాస్‌బుక్‌లో తేలిగ్గా కనిపిస్తుంది. హెల్త్ ఇన్సూరెన్సులో భార్యని చేర్చుకోవచ్చో లేదో మాత్రం తప్పకుండా కనుక్కోండి, పేరోల్ కంపెనీల్లో ఎక్కువ తేడాలు వచ్చేది అక్కడే. చెల్లి హైదరాబాద్ వెళ్ళినా ఉద్యోగం మానకుండా ఉంటే ఇందులో సగం టెన్షన్ తగ్గుతుంది, జూనియర్ కాలేజీల్లో కెమిస్ట్రీ వాళ్ళకి అక్కడ ఎప్పుడూ గిరాకీయే. ఈ ప్రశ్నలన్నీ మీరు అడిగే కన్నా తననే అడగనివ్వండి. అతను ఎలాగూ తనని ఒకసారి ఇంటర్వ్యూ చేశాడు కదా.

గుణుపురం_అన్నయ్య:

సరే అక్కా. నంబరు చెల్లికే ఇచ్చేశాను. నాన్న రెజ్యూమే కూడా పంపమంటున్నారు, ఆపుతున్నాను.