ఆర్కే బీచ్‌లో తిండి బండ్లు ఇసుక మీదే ఉండాలా, రోడ్డు దాటాలా?

పెదవాల్తేరు నివాసి:
విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీ ఆలయం నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం వరకు ఇసుక మీద, కాలిబాట మీద నిలుస్తున్న తినుబండారాల బండ్లను తొలగించి, రోడ్డుకు అవతల ఒకే చోట ఆహారశాల కట్టి, ఆ వ్యాపారులకే అక్కడ దుకాణాలు కేటాయించాలని నా అభిప్రాయం. చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చే కుటుంబానికి చౌక తిండి ఒక్కటే చాలదు. చేతులు కడుక్కోవడానికి కుళాయి, కూర్చోవడానికి బల్ల, దగ్గరలో మరుగుదొడ్డి కూడా కావాలి. బజ్జీల మూకుడు పక్కన సాయంత్రం నింపిపెట్టిన బకెట్టు నీళ్లలోనే రాత్రి దాకా ప్లేట్లు ముంచి తీయడం మనమందరం చూస్తున్నదే. నూనె మళ్లీ మళ్లీ మరిగితే అందులో పెరిగే హానికర ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉన్నా, చీకట్లో వరుసగా నిలిచిన బండ్ల దగ్గర దాన్ని పరీక్షించేదెవరు?

విజయనగరం బాటసారి:
బకెట్టు సంగతి కాదనను. అయితే ఆహారశాలలో దుకాణాలు సాధారణంగా ఎవరికి దక్కుతాయో కూడా చెప్పుకోవాలి. వేలం పెడతారు, ఎక్కువ పాడినవాడికి ఇస్తారు, ఆ అద్దె, కరెంటు బిల్లు, నిర్వహణ రుసుము అన్నీ చివరకు మన ప్లేటు మీదే పడతాయి. మురీ మిక్స్చర్ అమ్మే మనిషి పెట్టుబడి ఒక బుట్ట, ఒక డబ్బా. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, వేయించిన పల్లీలు వేసి, గరిటెతో టకటకలాడించి, నిమ్మకాయ పిండి, కాగితం పొట్లంలో పోసి, చెంచాకు బదులు ఒక అట్టముక్క గుచ్చి ఇస్తాడు. ఇందులో కడగవలసిన ప్లేటూ లేదు, మరిగి మరిగి నల్లబడే నూనే లేదు. శుభ్రత పేరుతో అతన్ని కూడా రోడ్డు దాటించాలనడం ఏ లెక్కన న్యాయమో నాకు అర్థం కావడం లేదు. పైగా సముద్రం కనబడని చోట బల్ల ముందు కూర్చుని తినాలంటే విజయనగరంలోనే తినవచ్చు.

చట్టం చదివినవాడు:
ఇష్టాయిష్టాల కన్నా ముందు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టాన్ని చూడాలి. సర్వే పూర్తిచేసి, వ్యాపారులకు ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదని అది చెబుతోంది. ఎక్కడ అమ్మాలో, ఎక్కడ అమ్మరాదో తేల్చే ప్రక్రియలో పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే, వారిలో మూడింట ఒక వంతు స్త్రీలు ఉండాలి. తరలింపు తప్పనిసరైతే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి ‘తొలగించి, తరువాత కేటాయిస్తాం’ అనే వరుసే తలకిందులుగా ఉంది.

జాలరిపేట కోడలు:
అన్నలందరూ బజ్జీల దగ్గరే ఆగిపోయారు. సముద్రం ఒడ్డుకు వచ్చిన కుటుంబం చేప తినకుండా వెళ్లిపోతోందంటే అది ఊరికే నామోషీ కాదా? వంజరం, చందువ ధరలు మధ్యతరగతికి అందవన్నది నిజమే గాని, నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు వాటితో పోలిస్తే ఎంతో చౌక. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేపి అమ్మడం మా పేటలో ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. చిక్కల్లా వేసవిలోనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవలకు వేట నిషేధం. సరిగ్గా బడి సెలవులు అప్పుడే, యాత్రికుల రద్దీ కూడా అప్పుడే. తెప్పల మీద తెచ్చే కాస్త చేపకు ధర పెరుగుతుంది, మిగిలినదంతా ఐసులో దాచినది. ఆ రెండు నెలలూ నష్టపోకుండా ఏడాది పొడుగునా దుకాణం అద్దె కట్టడం మా వల్ల కాదు. బండి అయితే ఆ నెలల్లో మొక్కజొన్న పొత్తులు కాల్చుకుంటాం.

పెదవాల్తేరు నివాసి:
అద్దె విషయంలో జాలరిపేట చెల్లెమ్మ మాట సబబే. వేలం లేకుండా నామమాత్రపు రుసుముకు ఇవ్వాలని నేనూ కోరుతాను. అయినా ఇసుకకు ఒప్పుకోను. విశాఖ పోర్టు ఔటర్ హార్బర్‌కు అలలను ఆపే గోడలు కట్టాక దక్షిణం నుంచి సహజంగా రావలసిన ఇసుక ఆగిపోయి ఈ తీరం కోతకు గురవుతోంది. పోర్టువారు పూడిక తీసిన ఇసుకను తెచ్చి పోయవలసి వస్తోంది. తాత్కాలిక పాకలు పోటు గీతకు, అంటే పోటులో నీళ్లు చేరే హద్దుకు, కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలని 2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన అంటోంది. ఆ 10 మీటర్లు వదిలితే ఇక్కడ కొన్నిచోట్ల మిగిలే ఇసుకెంత? గోవాలో లాగా వరుసగా పాకలు వేద్దామనేవారు మన తీరం వెడల్పు ఒకసారి చూసి మాట్లాడాలి.

విజయనగరం బాటసారి:
పాకలు ఎవరూ అడగలేదు, మేం అడుగుతున్నది చక్రాల బండి. చెన్నై మెరీనాలో హైకోర్టు జోక్యంతో ఒకే నమూనా బండ్లు చేయించి, లాటరీ తీసి కేటాయించే పద్ధతికి వెళ్లారు. అందులోనూ వివాదాలు వచ్చాయి గాని, చర్చ బండ్ల సంఖ్య, వరుస, శుభ్రత మీద నడిచింది. ఇక్కడ కూడా కాలిబాట పొడవునా వంద అడుగులకో కుళాయి, మురుగు గొట్టం ముందు వేయండి. నూనె మూకుడు ఉన్న బండ్లను ఆ కుళాయిల దగ్గరే నిలపండి. మురీ మిక్స్చర్, గుగ్గిళ్లు, పొత్తులు అమ్మేవారిని తిరగనివ్వండి. ఆ ఖర్చు ఆహారశాల పునాదులకయ్యేంత కూడా ఉండదు.

చట్టం చదివినవాడు:
ఆ ప్రతిపాదన పట్టణ విక్రయ కమిటీ ముందు పెట్టదగినదే. ఒక్కటి చేర్చండి: కుళాయి నిర్వహణ ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి, లేకపోతే ఆరు నెలల్లో మళ్లీ బకెట్టే వస్తుంది.