కుంగ్స్‌లేడెన్ ట్రెక్: టెంట్ మొయ్యాలా, క్యాబిన్లు చాలా?

వారాంతపు_నడక: సెప్టెంబర్ మొదటి వారంలో ఉత్తర స్వీడన్‌లో కుంగ్స్‌లేడెన్ అనే కొండదారిలో అబిస్కో నుంచి నిక్కలుఒక్తా దాకా నడుద్దామని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. దాదాపు 105 కిలోమీటర్లు, వారం రోజులు. దారిలో క్యాబిన్లు ఉన్నాయి కాబట్టి టెంట్ మానేస్తే బరువు తగ్గుతుంది. ఏమంటారు?

మూటాముల్లె: టెంట్ లేకుండా కదలకండి. చెక్త్యా కనుమ దాదాపు 1150 మీటర్ల ఎత్తు, సెప్టెంబర్‌లో మంచు పడినా పడుతుంది. నడిదారిలో కాలు మెలిక పడితే క్యాబిన్ నడిచి మీ దగ్గరికి రాదు. పైగా స్వీడన్‌లో ఎక్కడైనా ఒక రాత్రి టెంట్ వేసుకునే హక్కుంది.

లూలియో_అల్లుడు: ఎక్కడైనా కాదు! 1909 నుంచి అబిస్కో నేషనల్ పార్కు. అందులో కేటాయించిన చోట్లే టెంట్ వెయ్యాలి.

మూటాముల్లె: పార్కు ఒక్క రోజులో దాటేస్తాం. మిగతా ఆరు రోజుల మాటేంటి?

లూలియో_అల్లుడు: ఒక్క రోజైనా రూలు రూలే. ముందు మీరు రాసింది తప్పని ఒప్పుకోండి.

పెసరట్టు: పోపు పెట్టుకోవచ్చా అక్కడ?

చలిమంట: క్యాబిన్లలో గ్యాస్ పొయ్యి, గిన్నెలు ఉంటాయి. ఆవకాయ మాత్రం మీరే మోసుకెళ్లాలి. దారిలో చిన్న చిన్న ఆశ్రయాలు కూడా కనిపిస్తాయి, ఆపదలో తప్ప రాత్రి అందులో పడుకోకూడదు.

లూలియో_అల్లుడు: నా అనుభవం చెప్తా. మా మామగారికి 64 ఏళ్లు. ముందే మంచాలు బుక్ చేసి ఒక క్యాబిన్‌కి తీసుకెళ్లా. కరెంటు లేదు. కట్టెలు కొట్టింది నేను, ఏటి నుంచి నీళ్లు తెచ్చింది నేను. రాత్రి వాన దంచుతుంటే టెంట్ల వాళ్లు ఏడుగురు వచ్చి పొయ్యి చుట్టూ బట్టలు ఆరేశారు. తెల్లారినా మా మామగారి సాక్సులు తడే.

మూటాముల్లె: సాక్సుల కోసం వీళ్లు టెంట్ మానెయ్యాలా? వసతి వాడుకున్నందుకు వాళ్లూ డబ్బు కడతారు.

లూలియో_అల్లుడు: కట్టారని మీరు చూశారా? ఎండ కాస్తే ప్రకృతి ఒడి, వాన పడితే మా క్యాబిన్. ఇదే కదా మీ లెక్క.

మూటాముల్లె: ‘మా’ క్యాబినా? బుక్ చేస్తే మీ సొంతమైపోతుందా? నేను మొదటిసారి వెళ్లినప్పుడు స్టూడెంట్‌ని. మంచానికి డబ్బుల్లేకే టెంట్ మోశాను. ఒక రాత్రి గాలికి కడ్డీ విరిగింది. తలుపు తీసిన పెద్దావిడ బుకింగ్ ఉందా అని అడగలేదు, సూప్ పోసింది. అది కొండ మీద నీడ, లాడ్జి కాదు. ఆ రాత్రి లోపల మీరుంటే?

లూలియో_అల్లుడు: కడ్డీ విరిగితే నేనే పక్కకి జరిగేవాణ్ణి. ఆ ఏడుగురి టెంట్లూ బయట నిక్షేపంగా ఉన్నాయండీ. వాళ్లలో ఒక్కరైనా కట్టె ముక్క తేలేదు, పెద్దాయనకి చోటివ్వలేదు. నా బాధ అది.

మూటాముల్లె: ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా. నేషనల్ పార్కు రూలు దగ్గర ఎందుకు మొదలుపెట్టారు?

లూలియో_అల్లుడు: ఎందుకంటే అది తప్పు కాబట్టి. ఇంకా ఒప్పుకోలేదు మీరు.

వారాంతపు_నడక: మా ఆవిడ ఇదంతా చదివి సాక్సులు ఇంకో రెండు జతలు కొంది. టెంట్ సంగతి ఇంకా తేలలేదు.