అప్‌డేట్ (పరిష్కారమైంది): రస్ట్ నుంచి సీ లైబ్రరీకి పంపిన పేరు ఖాళీగా చేరడం

రస్ట్ భాషలో రాసిన ప్రోగ్రామ్ నుంచి సీ భాషలోని లైబ్రరీకి పంపే పరికరం పేరు ఒక్కోసారి ఖాళీగా, ఒక్కోసారి అర్థంలేని అక్షరాలతో చేరుతోందని అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నైట్లీ కంపైలర్‌పై (రస్ట్ ప్రయోగాత్మక వెర్షన్) అడ్రస్ శానిటైజర్‌తో (మెమరీ తప్పులు పట్టే సాధనం) నడపమన్న సూచనే పనిచేసింది. విడుదలైన మెమరీని సీ వైపు చదువుతున్నట్లు అది చూపగా, గచ్చిబౌలిలోని మా ఆఫీసు సీనియర్ ఇంజనీరు గారు కారణం పట్టుకున్నారు. సహాయక ఫంక్షన్‌లో తయారైన సీస్ట్రింగ్ (సీకి పంపేందుకు రస్ట్‌లో వాడే స్ట్రింగ్ రకం) ఆ ఫంక్షన్ ముగియగానే డ్రాప్ అవుతోంది, అంటే దాని మెమరీ విడుదలవుతోంది; బయటికి దాని రా పాయింటర్ (ఉత్త మెమరీ చిరునామా) మాత్రమే వస్తోంది. రా పాయింటర్ రకానికి లైఫ్‌టైమ్ (ఎంతకాలం చెల్లుతుందన్న గుర్తు) ఉండదు కనుక, ఇలాంటి తప్పులను కంపైల్ సమయంలోనే ఆపే బారో చెకర్ అడ్డుచెప్పలేదు. డ్రాప్ అయ్యేటప్పుడు సీస్ట్రింగ్ తన మొదటి బైటును సున్నా చేస్తుంది, ఖాళీ పేరు అందువల్లే వచ్చింది. ఇప్పుడు ఆ ఫంక్షన్ సీస్ట్రింగ్‌నే తిరిగి ఇస్తోంది, పిలిచినచోట వేరియబుల్‌లో నిలుస్తోంది. మా లైబ్రరీ పేరును కాపీ చేసుకుంటుంది కాబట్టి ఇది చాలు. పాయింటర్‌నే దాచుకునే లైబ్రరీ అయితే సీస్ట్రింగ్ అంతకాలమూ ఉండాలి.