టాసెప్ సిమ్యులేషన్: ఆల్ఫా, బీటా రెండూ 0.3 అయితే సగటు సాంద్రత నిలవడం లేదు, ఎంతసేపు నడపాలి?

పర్లాకిమిడిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం టాసెప్ (TASEP: కణాలు ఒకే దిశలో, ఒకదాన్నొకటి దాటకుండా నడిచే) నమూనాను పైథాన్‌లో రాశాను: వరుసగా 200 గడులు, గడికి ఒక్క కణమే, కుడి పక్క గడి ఖాళీగా ఉంటేనే అడుగు. కణాలు ఎడమ చివర ఆల్ఫా రేటుతో వస్తాయి, కుడి చివర బీటా రేటుతో పోతాయి.

రెండూ 1 అయితే ప్రవాహం (ఒక్కో కాలమానానికి దాటే కణాల సగటు) 0.2519 వస్తోంది. 1993లో కనుగొన్న ఖచ్చిత పరిష్కారం చెప్పేదీ అదే కాబట్టి కోడ్ మీద అనుమానం లేదు. చిక్కంతా రెండూ 0.3 ఉన్నప్పుడే. సగటు సాంద్రత ఒకసారి 0.4, మరోసారి 0.6. తెరమీద చూస్తే ఎడమవైపు కణాలు పలుచగా, కుడివైపు కిక్కిరిసి ఉన్నాయి. మధ్యలోని సరిహద్దు తాగినవాడిలా అటూ ఇటూ తూలుతోంది. ఆ తూలుడు గొలుసంతా చుట్టి రావడానికి పట్టే కాలం పొడవు వర్గంతో పెరుగుతుందని తెలుసు. 1000 గడులకు వెళ్తే కాలం 25 రెట్లు, ప్రతిసారీ కదపాల్సిన గడులు 5 రెట్లు, వెరసి నా పాత ల్యాప్‌టాప్ పని 125 రెట్లవుతుంది. పైగా ఇక్కడ వానాకాలం రాత్రుళ్లు కరెంటును నమ్ముకోలేం.

సరిహద్దును యాదృచ్ఛిక స్థానాల్లో పెట్టి చిన్న చిన్న పరుగులు చాలా తీస్తే, ఒక్క పొడవాటి పరుగుకు సాటి వస్తాయా? మొదట్లో ఎన్ని అడుగులను సగటులో కలపకుండా వదిలేయాలో కంటి అంచనాతో కాకుండా లెక్కతో తేల్చే పద్ధతి ఉందా? గైడ్ గారు సగటును, దోష పరిమితిని మాత్రమే అడుగుతున్నారు. ఇక్కడ సాంద్రత హిస్టోగ్రామ్ చూపడమే నిజాయితీ అని నాకనిపిస్తోంది. గడులన్నింటినీ ఒకేసారి కదిపితే వేగం వస్తుంది కానీ దశల (ఏ ఆల్ఫా, బీటాలకు గొలుసు పలుచగా ఉంటుంది, ఎప్పుడు కిక్కిరిస్తుంది అనే స్థితుల) హద్దులే మారిపోతాయి, కనుక ఆ సలహా వద్దు. ఇలాంటివి నడిపినవారు దయచేసి చెప్పండి.