మార్ష్‌ను తెలుగులో ఊబి అనవచ్చా?

చెన్నై వేళచ్చేరిలో ఉండే ఒక అమ్మ మన గుంపులో అడిగిన ప్రశ్న ఇది. బడిలో పిల్లవాణ్ణి చెన్నైలోనే ఉన్న పళ్లికరణై మార్ష్ మీద తెలుగులో ఛార్టు చేసి తెమ్మన్నారట. ‘మార్ష్’కు ఏం రాయాలి? సాయంత్రానికల్లా ఊబి, బురద, రొంపి, చిత్తడి నేల, చివరికి అనూపం కూడా వచ్చిపడ్డాయి. అన్నీ మంచి మాటలే. కానీ ఏది దొరికితే అది రాస్తే, కొంగలూ గూడబాతులూ తిరిగే చోటు కాస్తా పిల్లవాడి ఛార్టులో మనుషుల్ని మింగే చోటైపోతుంది.

ఎక్కువమంది ఓటు వేసింది ఊబికి. ఊబి కాలిని పట్టి లోపలికి లాగుతుంది, గింజుకునేకొద్దీ ఇంకా దిగిపోతాం. అందుకే ‘అప్పుల ఊబి’ అంటాం గాని ‘అప్పుల బురద’ అనం. బురద అంటుకుంటుంది, అంతే. కాబట్టి దాన్ని ఎదుటివాడి మీద చల్లుతాం. అడుసు కాలికి పట్టినా కడుక్కుంటే పోతుంది. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్న సామెత నిలబడింది ఆ కడుక్కోగలగడం మీదే. ఆ చోట ఊబిని పెట్టి చూడండి, కడుక్కోవడానికి కాలు బయటికి వస్తే కదా! ఇక రొంపిలోకి ఎవరూ తమంతట తాము దిగరు, ఇంకొకరు దింపుతారు. ‘నన్ను ఈ రొంపిలోకి దించకండి’ అని బతిమాలుకునేది అందుకే.

ఈ పేర్లన్నీ నడిచేవాడూ దున్నేవాడూ పెట్టినవి. కాలు పెడితే ఏమవుతుంది, అరక దిగుతుందా, ఎడ్లు కదులుతాయా అన్నదే వాటి లెక్క. ఇంగ్లీషులో శాస్త్రం తెలిసినవాళ్ల లెక్క వేరు. అక్కడ ఏం మొలుస్తుంది, నీరు ఎక్కడినుంచి వస్తుంది అని చూస్తారు. గడ్డీ జమ్మూ పెరిగితే మార్ష్. చెట్లు పెరిగితే స్వాంప్. వాన నీటి మీదే ఆధారపడి, నాచు పెరిగి, అది పూర్తిగా కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకుని పీట్‌గా మారితే బాగ్. అలాగే పీట్ పేరుకున్నా నీరు భూమిలోంచి ఊరి వస్తే ఫెన్. ఇంగ్లండు తూర్పు భాగంలో ఫెన్స్ అని ఒక ప్రాంతమే ఉంది. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజినీరు వెర్మూడెన్‌ను రప్పించి కాలవలు తవ్వించి ఎండగట్టారు. ఇప్పుడక్కడ చాలావరకు పంట పొలాలే, పేరు మాత్రం పోలేదు. మామూలు మాటల్లో వాళ్లూ ఈ నాలుగింటినీ కలిపేస్తుంటారు లెండి. బాగ్‌కు తెలుగు మాట ఏదని తలలు పట్టుకోనక్కరలేదు, ఆ రకం నేల మన పల్లెల్లో లేదు. దానికి సాటి వచ్చేది చూడాలంటే నీలగిరుల మీదికి వెళ్లాలి.

ఇక చిత్తడి. చినుకులు పడి వీధి చిత్తడిగా ఉందంటాం, ఎండ కాస్తే అది పోతుంది. ఇంత తేలికైన మాటకు పత్రికలు ‘నేల’ను జోడించి వెట్‌లాండ్‌కు ఖాయం చేశాయి. నాకు కొంచెం అసంతృప్తే. 1971లో ఇరాన్‌లోని రామ్సర్‌లో కుదిరిన ఒప్పందం వెట్‌లాండ్‌కు ఇచ్చిన నిర్వచనం చాలా పెద్దది. సరస్సులు, నదులు, వరి మళ్లు, పోటు తగ్గినప్పుడు ఆరు మీటర్ల లోతు మించని సముద్రపు నీరు, అన్నీ అందులోకి వస్తాయి. 2002లో ఆ ఒప్పందపు జాబితాకెక్కిన కొల్లేరు సరస్సును చిత్తడి నేల అంటే, అక్కడ పడవలో తిరిగిన వాళ్లు నవ్వుకుంటారు. అయినా మాట స్థిరపడింది, ఇప్పుడు కదిలించి లాభం లేదు. అది మొత్తం కుటుంబానికి ఇంటిపేరు అనుకుంటే, మార్ష్ అందులో ఒక మనిషి.

అనూపం సూచించిన పెద్దలకు ఒక్క మాట. ఆయుర్వేదంలో జాంగలం, అనూపం, సాధారణం అని దేశాన్ని మూడు రకాలు చేసినప్పటి మాట అది. మొత్తం ప్రాంతపు తీరును చెప్తుంది. జమ్ము పెరిగే ఒక పల్లానికి అంత కిరీటం బరువైపోతుంది.

మొలిచే దాన్ని బట్టి నేలను పిలవడం మనకు లేకపోలేదు. మడ చెట్లు పెరిగేది మడ అడవి; కోరింగ వెళ్లినవాళ్లకు దాన్ని స్వాంప్ అని విడమరిచి చెప్పనక్కరలేదు. ఊళ్లలో ఇంకా ఉన్నాయి. సముద్రం వైపు ఉప్పు తగిలే పల్లాన్ని పర్ర అంటారు. శ్రీకాకుళం వాళ్లకు తంపర ఉంది, బీల ఉంది. 2010లో థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా సోంపేటలో ఉద్యమం జరిగినప్పుడు బీల అన్న మాట పత్రికలకెక్కింది. చేపలు పట్టుకునేవాళ్లకూ పశువులు మేపుకునేవాళ్లకూ అది బతుకు, కాగితాల మీద బీడు. మార్ష్‌కు అన్నిటికంటే దగ్గరగా వచ్చే తెలుగు మాట నా లెక్కలో ఇదే. కాకపోతే చెన్నైలో ఉన్న చోటికి సోంపేట పేరు పెడితే ఎవరికీ అర్థం కాదు.

చెన్నైలోనే వెతికితే? తమిళంలో దాన్ని సదుప్పు నిలం అంటారు. పాతకాలపు వాళ్లు కళువెలి అంటారు, అంటే నీళ్లు నిలిచే పల్లపు మైదానం. అక్కడి నీళ్లు బయటికి పోయే దారి పేరు ఒక్కియం మడువు. ఈ మడువు మన మడుగుకు చుట్టమే. కానీ ఆ చుట్టరికం చూసి మొత్తం పళ్లికరణైని మడుగు అనకండి. మడుగంటే లోతు ఉండాలి. కాళియుడు కాపురమున్నది మడుగులో, రారాజు దాక్కున్నది మడుగులో. పళ్లికరణైలో చాలాచోట్ల కొంగ నిలబడి చేప కోసం చూస్తుంటుంది, రారాజు దాక్కోవాలంటే పడుకోవాలి.

పల్లావరం–తొరైపాక్కం రోడ్డు మీద బస్సులో పోతూ రెండు వైపులా చూస్తే మనిషెత్తు జమ్ము కనిపిస్తుంది. బెండుకట్టలాంటి గోధుమరంగు కంకులు, కింద నీళ్లు, నీళ్లు తక్కువైన చోట తుంగ. మార్ష్‌కు నిర్వచనం అడిగితే ఆ కిటికీలోంచి చూపించవచ్చు.

కాబట్టి అమ్మా, ఛార్టుకు పైన పెద్ద అక్షరాలతో ‘పళ్లికరణై చిత్తడి నేల’ అనే రాయించండి, మార్కులు వేసేవాళ్లు ఎరిగిన మాట అది. 2022లో రామ్సర్ జాబితాలో చేరిందని కూడా రాయించండి. కింద వివరంలో మాత్రం ‘జమ్మూ తుంగా పెరిగే, ఏడాదిలో ఎక్కువ కాలం నీరు నిలిచే పల్లపు నేల’ అని ఉండాలి. ఊబి వద్దు. బొమ్మలో పిల్లవాడు అందం కోసం నీళ్లలో చెట్లు వేస్తానంటే ఆపండి, చెట్లు వేస్తే అది స్వాంప్ అయిపోతుంది.