సమస్య: "తార నేలకు దిగివచ్చి తలుపు తట్టె" (క్రిస్మస్ పూరణలు)

పలక బలపం (మోడరేటర్): నిన్న అమ్మ పాత సంగతులు చెబుతుంటే ఈ పాదం దానంతటదే నోట్లోకి వచ్చేసింది, ఆపుకోలేక పెట్టేస్తున్నాను. 1957 క్రిస్మస్. నాన్న నాగార్జునసాగర్ డ్యామ్ పనిలో ఓవర్సీరు, శంకుస్థాపనై అప్పటికి రెండేళ్ళు. అక్కకు మూడేళ్ళు. పండగ బుధవారం పడింది, సెలవు దొరికేసరికి సోమవారం రాత్రి అయింది. మంగళవారం మాచర్లలో గుంటూరు బండెక్కి సత్తెనపల్లిలో దిగి, అక్కణ్ణించి ఎడ్లబండి మీద తాతయ్య ఊరికి. అక్క తెల్లగౌను నిండా బొగ్గు నుసి. ఇంటికి సున్నం కొట్టి, అరిసెల పిండి దంపి, వీళ్ళ కోసం ఎదురుచూస్తున్నారట. ఇదే చివరి పాదంగా పైమూడు పాదాలు పూరించండి. ఆ ప్రయాణం పద్యంలోకి రావాలి, మీ ఇష్టం.

నడికుడి: మా నడికుడి స్టేషను మీదుగా వెళ్ళిన బండి కాబట్టి మొదటి పూరణ నాదే.

అర్ధరాత్రిని మనయింటి యరుగుమీద
వెదురు బద్దల రంగుల వెలుగు చుక్క
పట్టి వచ్చిన పిల్లల పాట వినఁగ
తార నేలకు దిగివచ్చి తలుపు తట్టె!

యతి మాస్టారు: నడక బాగుంది, గణాల్లో పొల్లుపోలేదు. కానీ "దిగివచ్చి" ఎక్కడ? ఊరేగింపులో గడకు కట్టిన చుక్క వీధిలోంచి వచ్చింది, పైనుంచి దిగలేదు. సమస్యలో ఉన్న ప్రతి మాటకూ పని చెప్పకపోతే అది సగం పూరణే. పైగా వెదురు చుక్క అనేది ఎవరికైనా మొదట తట్టే ఊహ.

నడికుడి: మొదట తట్టినంత మాత్రాన తప్పా మాస్టారూ? దసరా సమస్యలో నేను న-ణ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం) వేస్తే "చెల్లదు" అని పదిమంది ముందు కొట్టేశారు, ఆ జత చెల్లుతుంది, అది సరసయతి అని తర్వాత తెనాలి అక్కయ్య చూపిస్తే మారు మాట్లాడలేదు. ఆ మాట నాకింకా గుర్తుంది. ఇప్పుడు "దిగివచ్చి" అంటారు. గడ దించి చుక్కను తలుపు దగ్గరికి తెస్తారు, మా పేటలో నేను కళ్ళారా చూశాను.

తెనాలి అక్కయ్య: తమ్ముడూ, గడ దించడం నీ కళ్ళలో ఉంది, పద్యంలో లేదు. ఆ మాటలో మాస్టారిదే న్యాయం, దసరా మాటలో నీదే. నాది చూడండి:

ఎడ్లబండిని తాతింటి యెదుట నాప
అమ్మ చేతిని విడిపించి యరిసె కొఱకు
మూడు నిండిన మనవరాల్ ముద్దులొలుక
తార నేలకు దిగివచ్చి తలుపు తట్టె!

పలక బలపం: అక్కయ్యా! తార అంటే పిల్ల పేరా! బండి మీంచి నేలకు దిగడం! చదివి లేచి నిలబడ్డాను.

యతి మాస్టారు: ఇదీ పూరణ. నేలకు, దిగి, వచ్చి, తలుపు, తట్టె, ఒక్క మాట ఖాళీగా లేదు. "విడిపించి" దగ్గర ఆ పిల్ల గుంజుకోవడం కనిపిస్తోంది.

నడికుడి: బాగుంది, కాదనను. కానీ ఆ రోజుల్లో పల్లెలో క్రైస్తవుల ఇంట తార అనే పేరు ఎక్కడ వినబడింది? సువార్త, కరుణ, మరియమ్మ, ఇవీ పేర్లు. సమస్య కోసం పిల్లకు పేరు పెట్టినట్టుంది.

తెనాలి అక్కయ్య: "మూడు నిండిన" అన్నాను, "మూడేళ్ళ" అనలేదు. క్రిస్మస్ వారంలో పుట్టింది, అందుకే తార, అందుకే సరిగ్గా ఆ రోజుకి మూడు నిండాయి. నిదానంగా చదవాలి నాన్నా.

నడికుడి: ... ఒప్పుకున్నాను. అది నాకు తట్టలేదు.

కొత్త గంటం: పెద్దల మధ్య పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది, అయినా:

ముద్దు బిడ్డకు సంతలో మూడు అణాల
కాగితము తెచ్చి యతికించి కట్టె నాన్న
గాలి వీవఁగ ముడివీడి గడప దాఁక
తార నేలకు దిగివచ్చి తలుపు తట్టె!

యతి మాస్టారు: మొదటి పాదం చివర జగణం (లఘువు, గురువు, లఘువు) పడింది బాబూ. "అణాల" ఎటు తిప్పినా అక్కడ రావలసిన సూర్యగణం కాదు.

తెనాలి అక్కయ్య: సంధి చెయ్యి చాలు. ఉత్వసంధి నిత్యం, "మూడణాల" అను, గణం దానంతటదే కుదురుతుంది. విడదీసినందుకే తప్పయింది. కానీ ఊహ చూడండి, మైదా జిగురు ఇంకా ఆరని చుక్క, ముడి జారి వచ్చి తలుపుకు కొట్టుకోవడం! నడికుడి తమ్ముడి చుక్క దిగలేదన్నారు కదా, ఈ అబ్బాయి దాన్ని నిజంగానే దించాడు.

నడికుడి: నా పేరు ఎత్తకుండా మెచ్చుకోలేరా అక్కయ్యా. సరే, కుర్రాడి పద్యం నాకూ నచ్చింది, నా చుక్క కంటే మంచి చుక్క. ఒక్క అనుమానం. 1957 ఏప్రిల్ 1 నుంచి పదహారణాల రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. డిసెంబరుకి అణాలేమిటి? లెక్క ప్రకారం మూడణాలకు పందొమ్మిది నయాపైసలు.

యతి మాస్టారు: పాత నాణేలు ఇంకా చెల్లుతున్న రోజులు. సంతలో "పందొమ్మిది నయాపైసలు" అని బేరమాడిన మనిషిని నేను చూడలేదు, అందరూ అణాల్లోనే అడిగేవాళ్ళు. మా నాన్న చనిపోయేదాకా పావలా, అర్ధణా అనే అన్నారు. అణా ఉండనివ్వండి. ఇంకో మాట, నడికుడి గారూ, దసరా న-ణ సంగతి నాదే పొరపాటు. ఆ రోజే చెప్పాల్సింది.

నడికుడి: మాస్టారూ, ఆ మాట చాలు.

కొత్త గంటం: దిద్దేశాను: "ముద్దు బిడ్డకు సంతలో మూడణాల". ధన్యవాదాలు అక్కయ్యగారూ.

పలక బలపం: మూడు పద్యాలూ అమ్మకు చదివి వినిపించాను. చుక్క జారిందనగానే "కింద పడకుండా మీ నాన్న రెండు ముళ్ళు వేశాడు" అంది. అక్కయ్య పద్యం రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఒక్కటే అభ్యంతరం: అరిసెలు వంటింట్లో వండేవాళ్ళు కాదట, పెరట్లో రాళ్ళపొయ్యి మీద పెద్ద మూకుడు పెట్టి, నాన్నమ్మ వేస్తుంటే అత్తయ్య రెండు చెక్కల మధ్య నూనె ఒత్తేదట. పిల్ల అరిసె కోసం వెళ్ళాలంటే తట్టేది పెరటి తలుపేనట.

తెనాలి అక్కయ్య: ఏ తలుపో నేను చెప్పలేదు కదమ్మా! పెరటి తలుపే అనుకోమను.

నడికుడి: ఎడ్లబండి వీధి వాకిట ఆగింది, పిల్ల పెరట్లోకి ఎలా వెళ్ళింది అక్కయ్యా?